బొంబాయి హోటల్లో చదివింపులు

మస్తానమ్మ పదిహేనేళ్లు కోటప్పకొండ తిరునాళ్లలో ఊరూరా కట్టుకొచ్చే ఎత్తయిన ప్రభల ముందు పాట కచేరీలు చేసింది. ఒక్క పాటా చివరిదాకా పాడలేదు. తప్పు ఆమెది కాదు, చదివింపులది. పాట ఊపందుకోగానే మా ప్రభ కమిటీ పెద్ద గోపాలకృష్ణయ్య మైకు లాక్కునేవాడు. ఎవరెవరు ఎంత చదివించారో ఇంటిపేర్లతో సహా వినిపించేవాడు. ఆయన మైకు వదిలేసరికి పాట ఎక్కడ తెగిందో ఎవరికీ గుర్తుండేది కాదు. ఇంకో పాట ఎత్తుకునేవాళ్లు. కళాపోషణ అంటే మాకు తెలిసింది ఇదే, దానికి మళ్లీ గర్వం కూడానూ!

దుమ్ముకీ మంచుకీ గొంతు పోయాక మస్తానమ్మ నవల మొదలుపెట్టింది. బొంబాయిలో కొన్నాళ్లు క్లారినెట్ వాయించి వచ్చిన బ్యాండు మరియదాసు చెప్పగా విని, అక్కడి హోటల్లో జాజ్ పాడే రోజీ అనే అమ్మాయి పడుచుదనం కథ రాసింది. 1984లో ఒక వారపత్రిక దాన్ని సీరియల్‌గా వేసింది. చూస్తే ఏముంది! రోజీ పాట మధ్యలో హోటలు యజమాని డిసౌజా మైకు లాక్కుని చదివింపులు చదువుతున్నాడు.

మరియదాసు నెత్తి కొట్టుకున్నాడు. "అక్కా, జాజ్‌లో చదివింపులుండవే!"

"మరి పాట ఎట్టా ఆపుతారు?"

"ఆపరు. అయిపోయిందాకా పాడతారు."

ఆ మాట ఆమెను పట్టుకుంది. ఆఖరి భాగంలో రోజీ చేత ఒక పాట మొత్తం పాడించింది.

ఈలోగా డిసౌజా తానేనని గోపాలకృష్ణయ్య కనిపెట్టేశాడు. కోపం రాలేదు సరికదా, పత్రికలు కొని నరసరావుపేటంతా పంచాడు. నవల పుస్తకంగా తానే వేయిస్తానన్నాడు. మస్తానమ్మ సంబరం చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. అట్ట మీద తన పేరు ఏ రంగులో ఉండాలో కూడా అనుకుంది పాపం. ఆఖరి భాగం అచ్చయిన రోజే ఆయన గుమ్మంలో దిగాడు.

"ఏందమ్మా ఇది? ఆ పిల్ల పాటంతా పాడతావుంటే డిసౌజా ఏం చేస్తున్నట్టు?"

"కూర్చుని వింటున్నాడు బాబాయిగారూ."

"నేను కూర్చుని విన్నానంటే ఊళ్లో ఎవడన్నా నమ్ముతాడా? పుస్తకంలోనన్నా మైకు లాగించు. ఏం, పుస్తకం వద్దా నీకు?"

"కావాలి. చానా కావాలి. కానీ మిగతాదంతా జరిగిందే గదా. నేను సొంతంగా రాసుకుంది ఆ ఒక్క పాటే. దాన్ని కూడా ఆపుతారా?"

ఆపాడు. పుస్తకం రాలేదు.