తోళిని బండి ఎక్కించిన రోజు

నాకప్పుడు తొమ్మిదేళ్లు... బళేపేటలో మా ఇంటి పెరట్లో, బట్టలుతికే బండ పక్కన నేను కూర్చుంటే చాలు, ఒక తోడేలు వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది.

నిజంగా తోడేలే. హెబ్బగోడిలో సేద్యం చేసే మా మేనమామకు బీడు దున్నుతుంటే పొదలో దొరికింది. తల్లిని గొర్రెల కాపర్లు చంపేశారట. కళ్లు కూడా తెరవని ఆ పిల్లను గంపలో పెట్టి మాకు తెచ్చిచ్చాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, గుడ్డపీలికను మేకపాలలో ముంచి నోటికి అందించి బతికించింది. పక్కింటి కన్నడం వాళ్లు తోడేలును 'తోళ' అనేవారు... మేము దాన్ని 'తోళి' చేసుకున్నాం.

తోళి మొరిగేది కాదు. కొత్తవాళ్లు వస్తే బండ వెనక్కి దూరేది. సంగటి ముద్ద నా చేత్తో పెడితేనే తినేది. నేను బడి నుంచి రాగానే వెల్లకిలా పడి, నా గడ్డం నాకేదాకా ఊరుకునేది కాదు.

అవి యుద్ధం రోజులు. ఒకరోజు ఊళ్లో సైరను మోగింది. తోళి తల పైకెత్తి, దానికి బదులు చెబుతున్నట్టు పొడుగ్గా ఊళపెట్టింది. వీధి కుక్కలన్నీ నోరు మూసుకున్నాయి... మనుషులు కూడా.

ఆ తర్వాతి వారమే తోళి పక్కింటి మేకపిల్లను చంపేసింది.

ఆ ఇంటాయన మా నాయన దగ్గరికి వచ్చి మెల్లగానే చెప్పాడు. "మేక పోతే పోయిందప్పా. వీధిలో పసిబిడ్డలు ఉండారు. రేపు ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్తారు?"

నాయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "తోళిని మీ మామ తోటకి పంపిస్తా ఉండాము పాపా. ఆడ బాగా తిరుగుతాది. ఆదివారం ఆదివారం నువ్వు పోయి చూడొచ్చు."

ఏడ్చాను... కానీ నమ్మాను.

రెండు రోజులకు పొద్దున్నే ఇనుప కమ్మీల బండి వచ్చింది. వెంట ఇద్దరు మనుషులు. మామ పంపినవాళ్లన్నాడు నాయన. వాళ్లు తాడు చూపించగానే తోళి బండ వెనక నక్కి పళ్లు చూపించింది. గంటసేపు తంటాలు పడ్డారు. ఆఖరికి నాయన నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ముందు ఎక్కు పాపా. నీ ఎనకాలే వస్తాది."

ఎక్కాను. నా వెనకాలే ఎక్కింది. ఒళ్లో తల పెట్టుకుంది. "మామోళ్ల తోటకి పోతా ఉండావు. ఆదివారం వస్తా," అని దాని చెవిలో చెప్పి దిగాను. వెంటనే తలుపు వేసేశారు. తోళి కమ్మీల మీద పడలేదు, అరవలేదు... నన్నే చూస్తూ నిలబడింది.

ఆ రోజు అవ్వ అన్నం తినలేదు. తోళి మీద బెంగ అనుకున్నాను.

ఒక ఆదివారం అంగట్లో పని ఉందన్నాడు నాయన. ఇంకో ఆదివారం వాన అన్నాడు. మూడో వారం మామే మా ఇంటికి రాగుల మూట మోసుకొచ్చాడు. పరుగెత్తి వెళ్లి అడిగాను. "మామా, తోళి తింటా ఉండాదా?"

మామ తెల్లబోయాడు. "నన్నడుగుతావేమి పాపా? మీ ఇంట్లో కదా ఉండేది."

అమ్మ తల తిప్పుకుంది. అవ్వే నోరు విప్పింది. "సర్కసోళ్లకి ఇచ్చేసినారు బిడ్డా. నీకు చెప్పొద్దన్నారు."

అమ్మకు తెలుసు. మా అన్నకు తెలుసు. వీధి మొత్తానికి తెలుసు.

ఏడుస్తూ వీధి చివర మా గాజుల అంగడికి పరుగెత్తాను. నాయన ఎవరికో గాజులు తొడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే దాన్ని బండి ఎక్కించేదానివా?"

"ఎక్కించేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

కాసేపటికి ఏమనుకున్నాడో, అంగడి మూసేసి నన్ను ఊళ్లో సర్కస్ డేరా వేసిన మైదానానికి తీసుకెళ్లాడు. డేరా లేదు. గుంజలు పీకిన గుంతలు, తొక్కిన గడ్డి... అంతే. ముందురోజే రైలెక్కి వెళ్లిపోయారని అక్కడ టీ కాచేవాడు చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు నాయన నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

తోళిని పంపక తప్పలేదేమో... ఆ పసిబిడ్డల సంగతి ఇప్పుడు నాకూ అర్థమవుతుంది. కానీ ఇంతమందిలో అది నమ్మింది నన్నొక్కదాన్నే. నాకు చెప్పిన అబద్ధాన్ని నా నోటితోనే దాని చెవిలో చెప్పించారు. నాయన పోయేదాకా ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

మొన్న మా మనవడు ఇంట్లో పెంచుకునే కుక్కపిల్లను ఎవరికో ఇచ్చేద్దామనుకుని, ముందు తన ఏడేళ్ల కూతుర్ని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. కుక్కపిల్ల ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పటి పిల్లల్ని అడుగుతున్నారు... చూసి సంతోషించాను. కొంచెం కుళ్లుకున్నాను కూడా.

మీకు చెప్పకుండా మీ ఇంట్లోంచి పంపించేసిన ప్రాణి ఏదైనా ఉందా? కథంతా రాయడం కష్టమైతే వద్దు... దాని పేరు ఒక్కటి రాయండి.