కామేశ్వరి మేడం అనుమానం

ఎల్బీ నగర్ చౌరస్తాలో సిగ్నల్ పడి ఆగినప్పుడు, ఎప్పుడో ఒకసారి ఏదో పాత ఆటో పక్కకొచ్చి నీలిపొగ వదులుతుంది. పెట్రోల్లో ఆయిలు కలిసి కాలిన ఆ వాసనకు చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కు మూసుకుని తిట్టుకుంటారు. నేను మాత్రం హెల్మెట్ అద్దం పైకెత్తి పీలుస్తాను. ఆ వాసన తగిలిందంటే చాలు, చెయ్యి దానంతటదే వెనక్కి పోయి బండికి కట్టిన సామాను తాడు లాగి చూస్తుంది. బిగుతుగానే ఉంటుంది. ఇంట్లో కట్టింది నేనే, చూసిందీ నేనే, అయినా మళ్ళీ లాగుతాను. ఈ రోగం నాకు కామేశ్వరి మేడం అంటించి పోయారు.

మేడంది కాకినాడ. దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, ఓ మేడ మీద ఆవిడకు మోడల్ విమానాల కొట్టు ఉండేది. రిమోట్‌తో ఎగరేసే విమానాలు. చేతిలో ఇమిడేవి కొన్ని, మనిషి బారంత రెక్కలతో, ఆయిలు కలిపిన పెట్రోలుతో నడిచేవి కొన్ని. భర్త సరదాకు మొదలుపెట్టిన కొట్టు అది. ఆయన పోయాక ఆవిడే నడిపారు. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ చేసి అక్కడ పనికి చేరాను. మా వాళ్ళది పోచంపల్లి. మా నాన్న మగ్గం వదిలేసి ఈ ఊళ్ళో చీరల షాపు పెట్టుకున్నాడు. నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాలని ఆయన కోరిక. "విమానాలేంది, నువ్వేంది? సరే, పో. ఒక్క మాట పడ్డవని నా చెవిలవడితే మాత్రం మల్ల షాపుకే" అన్నాడు. అందుకే ఆ పనిలో మాట పడకుండా ఉండటం నాకు ప్రాణం మీదికొచ్చినంత పని అయింది.

చేరిన రోజునే మేడం నా చేతిలో ఒక బ్యాటరీ పెట్టి, ప్లస్సు ఏదో చూపించమన్నారు. రెండు తీగెలు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఇదేం పరీక్షరా దేవుడా అనుకుంటూ ఎర్రది చూపించాను.

"ఎరుపు ప్లస్సని ఎవరు చెప్పారమ్మా?"

"అందరికి తెలుసు కద మేడం."

"అందరికీ తెలుసు సరే. ఈ తీగె అతికినవాడికి తెలుసా? వాణ్ణి నువ్వు చూశావా?"

మీటరు తీసి నా ముందుకు తోశారు. ఎర్రదే ప్లస్సు అని మీటరు చెప్పింది. "చూశారా" అన్నట్టు నేను మొహం పెడితే, ఆవిడ ఆ మీటరునే ఇంకో బ్యాటరీ మీద పెట్టి, అది సరిగ్గా చెబుతోందా లేదా అని చూసుకున్నారు. ఈవిడతో వేగేదెట్లా అని ఆ రోజే నాకు బెంగ పట్టుకుంది.

విమానంలో రిసీవర్ అని అగ్గిపెట్టెంత పెట్టె ఉంటుంది. మన చేతిలోని రిమోట్ చెప్పే మాట వినేది అదే. పెట్రోలు విమానాల్లో దానికి కరెంటు ఇచ్చే చిన్న బ్యాటరీ వేరే ఉంటుంది. ఆ బ్యాటరీ ప్లగ్గు గాలిలో ఊడిందా, ఇంజను తిరుగుతూనే ఉంటుంది, విమానం మాత్రం మన మాట వినదు. ఎవరి నెత్తిన పడుతుందో దానికే తెలియదు. అందుకని మేడం పద్ధతి మేడంది. మీటరు పెట్టి చూడాలి. ప్లగ్గు దిగాక లాగి చూడాలి. ముందు రిమోట్ వేసి, ఆ తర్వాతే విమానం స్విచ్చి వెయ్యాలి. అన్నీ అయ్యాక ప్లగ్గు కదలకుండా నూలుదారంతో కట్టాలి. ఆ కట్టే పని నాది. మగ్గం మీద తెగిన పోగును కలిపే ముడి చిన్నప్పుడే మా నానమ్మ దగ్గర నేర్చుకున్నాను. చిన్నగా ఉంటుంది, జారమన్నా జారదు. మేడం దాన్ని కూడా భూతద్దం పెట్టి చూసి, గోటితో గీకి, "ఫరవాలేదు" అన్నారు. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ నమ్మినది ఏమైనా ఉందా అంటే నాకు తెలియదు. పాలప్యాకెట్టు మీద తేదీని నమ్మరు, వాసన చూస్తారు. తలుపుకు తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి గుంజి చూస్తారు. నేను పెట్టిన ప్రతి ప్లగ్గునూ నా ఎదురుగానే ఊడబీకి మళ్ళీ పెడతారు. ఒళ్ళు మండిపోయేది. ఆవిడ అనుమానం తీగె మీదా, నా మీదా అని రాను రాను నాకే ఒక అనుమానం పట్టుకుంది. ఏళ్ళు గడిచినా అది తేలలేదు.

ఒకనాడు నర్సింగరావు గారు విరిగిన విమానాన్ని దుప్పట్లో మూటగట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆయనదీ చీరల వ్యాపారమే, మా నాన్నకు బాగా తెలిసిన మనిషి. మేమే బిగించి ఇచ్చిన పెద్ద పెట్రోలు విమానం అది. ఎల్బీ నగర్ అవతల ఖాళీ ప్లాట్లలో ఎగరేస్తుంటే మాట వినకుండా పోయి నేలను గుద్దుకుందట.

"మీరిచ్చింది ఇచ్చినట్టే ఎగిరేసిన మేడం. చెయ్యి సుత వెట్టలే" అంటూ నా వైపు వేలు చూపించారు. "గీ పిల్లనే వైరు సరింగ వెట్టలే. జరంతలో తప్పింది, ఎవలన్న సస్తుండె!"

కొట్టులో ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఉన్నారు. సాయంత్రానికి ఈ మాట నాన్న చెవిన పడుతుంది, రేపట్నుంచి నేను గల్లాపెట్టె దగ్గర. మేడం నా తరఫున ఒక్క మాటైనా అంటారని ఆశగా చూశాను. ఆవిడ విమానం పొట్ట తెరిచి, భూతద్దంతో చూసి, నన్ను పిలిచారు.

"పద్మా, ఇది నువ్వు కట్టిన ముడేనా?"

వంగి చూశాను. దారం మాదే, ముడి నాది కాదు. "కాదు మేడం."

"కాదంటే చాలదు. ఇప్పుడు కట్టి చూపించు."

అంతమంది ముందు దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టి కట్టించారు. కళ్ళు తుడుచుకుని కట్టాను. ఆవిడ రెండు ముడులూ పక్కపక్కన పెట్టి తీరిగ్గా చూశారు. తర్వాత పాత దారం కోసి, ప్లగ్గు లాగి, పిన్నుల మధ్య దూది పెట్టి తుడిచారు. దూదికి నూనె నూనెగా నారింజ రంగు అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"నర్సింగరావు గారూ, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్ళారా దీన్ని?"

ఆయన మొహం వాడిపోయింది. "కొత్త బండి కద మేడం. పూజ చేపియ్యకుండ ఎట్ల ఎగిరేస్త? నీళ్ళు సల్లుతరని బ్యాటరీ తీసిన. మెదడు గీ రిసీవరే కదా అని దీనికి సుత స్వామి సిందూరం బొట్టు వెట్టించిన. మల్ల నేనే వెట్టి, నేనే కట్టిన."

"బొట్టు రెక్కకు పెట్టించండి, ముక్కుకు పెట్టించండి. పిన్నుల్లో పెట్టిస్తారుటండీ? నూనె సిందూరం దిగాక ప్లగ్గు నిలుస్తుందా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

"స్వామి మీదికి మాటొస్తదని చెప్పలే" అన్నారాయన మెల్లగా. నా వైపు తిరిగి, "తప్పయింది బిడ్డా. మీ నాయినకు నేనే చెప్త" అని దణ్ణం పెట్టబోతే నేనే ఆపాను.

ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేదు. "ఇన్నేండ్ల సంది చేస్తున్న. నా మాట చాలదా మేడం? నన్ను కొంచెం గూడ నమ్మలే కద?"

"నమ్మలేదు" అన్నారు ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ. "నమ్మితే విప్పి చూసేదాన్ని కాదు. అప్పుడు నీదొక మాట, ఆయనదొక మాట. ఆయన గొంతు పెద్దది."

ఆ మాటలో న్యాయముందని తెలిసినా కోపం తగ్గలేదు. రాత్రంతా ఉడికిపోయి, పని మానేస్తానని చెప్పడానికే మర్నాడు కొట్టుకు వెళ్ళాను. నేను నోరు తెరవకముందే మేడం ఒక విమానాన్ని నా ముందుకు జరిపారు. "దీనికి బ్యాటరీ ప్లగ్గు నేను అతికాను. ఇంకా స్విచ్చి వెయ్యలేదు. చూడు."

ఆవిడ పనిని చూడమని నన్నెప్పుడూ అడగలేదు. కసి కొద్దీ చూశాను. తప్పు దొరకాలి, దొరికితే మొహాన అనేసి పోవాలి. మీటరు పెడితే అంకె ముందు మైనస్ గీత పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అదే. ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయి. స్విచ్చి వేస్తే రిసీవర్ కాలిపోయేది.

ఇది కావాలని పెట్టిన పరీక్ష అయి ఉంటుందని అనుమానంగా తలెత్తి చూశాను. పరీక్ష కాదు. ఆవిడ మీటరు మీదికి వంగి, కళ్ళు చికిలించి చూస్తున్నారు.

"తప్పేనా?"

"తప్పే మేడం."

"కళ్ళు మసకలు కమ్ముతున్నాయమ్మా. గీత కనబడటం లేదు. కొన్నాళ్ళుగా అనుమానంగానే ఉంది. నిన్న నీ ముడి చూశాక నిన్ను అడగొచ్చనిపించింది. ఇకనుంచి నేను పెట్టింది నువ్వు చూడు, నువ్వు పెట్టింది నేను తడిమి చూస్తాను."

మానేస్తానన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్ళూ అలాగే చేశాం. ఆవిడ చేసింది నేను ఊడబీకేదాన్ని, నేను చేసింది ఆవిడ ఊడబీకేవారు. చూపు పూర్తిగా తగ్గాక కూడా వేళ్ళతో లాగి, "ఇది వదులుగా ఉందే" అని నాతో వాదన పెట్టుకునేవారు. ఒక్కోసారి నిజంగానే వదులుగా ఉండేది.

ఇప్పుడు ఆవిడ లేరు. ఎల్బీ నగర్‌లో నాకంటూ ఓ చిన్న షాపు ఉంది. రిసీవర్‌కు బ్యాటరీ పెట్టి, కట్టి, విమానం ఇచ్చేటప్పుడు ప్రతి కస్టమర్‌నూ అడుగుతాను, "ఒక్కసారి మీరు గూడ గుంజి చూడుండ్రి" అని. వాళ్ళు నవ్వుతారు. "మీరు వెట్టినంక చూసేదేముంది మేడం? మీ మీద ఫుల్లు నమ్మకం" అని తీసుకుపోతారు. మా నాన్న అది విని మురిసిపోతాడు. నాకు మాత్రం వాళ్ళు మెట్లు దిగుతుంటే భయమేస్తుంది. నా పనిని అనుమానించే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు.