మిరప గోనెతో పడవకు మెరుగు

నా చిన్నప్పుడు పడవకు మెరుగు పెట్టాలంటే ముందు పాతగుడ్డల మూట విప్పేవాళ్ళు. ఇప్పుడు అలా కాదు. మొన్న కొత్తపట్నంలో మా మనవడు ఫైబర్ పడవను మెషిన్‌తో రుద్దుతుంటే చూశాను. గరుకు స్పాంజికి ఒక రంగు, మెత్తదానికి ఒక రంగు, మైనం పూసేదానికి ఇంకో రంగు. వాటి ధర విని ఆ పూట వాడితో మాట్లాడలేదు. ఇంట్లో ఇన్ని పాత గుడ్డలు పెట్టుకుని ఎవరైనా స్పాంజి కొంటారా!

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు తాడేపల్లి దగ్గర, కృష్ణ ఒడ్డున. మా తాతయ్యకు ఒక చెక్క పడవ ఉండేది. మనుషుల్నీ గడ్డి మోపుల్నీ అవతలి ఒడ్డుకు దాటించేవాడు. ఎండాకాలం ఏరు తగ్గాక పడవను ఇసుక మీదికి లాగి, చెక్కంతా రుద్ది, నూనె పట్టించి, కూర్చునే బల్లలకు తేనెమైనం పూసేవాళ్ళు. బల్లలు గరుగ్గా ఉంటే ఎక్కినవాళ్ళ చీరలు చిరుగుతాయి. మరుసటిసారి వాళ్ళు వేరే పడవ చూసుకుంటారు.

రుద్దడానికి మెత్తలు ఇంట్లోనే కుట్టేవాళ్ళు. మొదట వాడేది గోనెపట్టా మడిచి కుట్టినది. తర్వాత ముతక దుప్పటి ముక్కలో పత్తి పెట్టి కట్టినది. ఆఖరున మైనానికి, ఉతికి ఉతికి పలచబడ్డ పంచె ముక్క. ఈ వరస తప్పకూడదు. మైనం పూయాల్సిన చోట ముతకది పడితే గీతలు లేస్తాయి, పని మళ్ళీ మొదటికొస్తుంది. నాలుగు రోజులు నూనె తాగాయంటే దుప్పటి ముక్కా పంచె ముక్కా ఒకేలా నల్లబడతాయి. ఏది ఏదో వేళ్ళకే తెలియాలి.

ఒక ఏడు వేసవి సెలవులకు నేను వెళ్ళేటప్పుడు, తాతయ్యకు పనికొస్తాయని మా అమ్మ కొన్ని గోనెలు దులిపి, మడిచి ఇచ్చింది. మాది ఏటికి దూరంగా, మిరప పండే ఊరు. అవి కాయలు మోసిన గోనెలు. ఉతికితే నార పాడవుతుందని ఉతకలేదు. ఘాటుందని మాకు అనిపించనూ లేదు. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన ముక్కులు మరి. బస్సులో నా చుట్టూ కూర్చున్నవాళ్ళంతా తాడేపల్లి దాకా తుమ్ముతూనే ఉన్నారు. పాపం అందరికీ ఒకేసారి జలుబు చేసిందేమోననుకున్నాను.

తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెత్తలు నా ముందు పోసేవాడు. “ఏదే మెత్తది? చూద్దాం, నీకెంత తెలుసో” అనేవాడు. నేను ఒక్కోటీ బుగ్గకు ఆనించి చూసి ఇస్తే, “గట్టిదానివేనే” అని దాంతో పని మొదలుపెట్టేవాడు. నాకు పరీక్ష పెడుతున్నాడనుకుని పొంగిపోయేదాన్ని. బడిలో కూడా నన్నెవరూ అలా మెచ్చుకోలేదు. ఆ బడి కూడా ఎంతోకాలం సాగలేదు లెండి.

మా మామయ్య మంచివాడే. తండ్రంటే ప్రాణం. కానీ తాతయ్య చేతిలోంచి తెడ్డు ఒకటికి రెండుసార్లు జారడం చూశాక, “నాన్నా, నువ్వింక ఒడ్డున కూర్చో, పడవ సంగతి నేను చూసుకుంటా” అనడం మొదలుపెట్టాడు. ఆ మాట వినపడితే తాతయ్య అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవాడు. ఆ పడవ పని తప్ప ఆయనకు వేరే లోకం లేదు. ఇంకొక్క సాకు దొరికితే చాలు, మామయ్య ఆయన్ని పనిలోంచి తప్పించేస్తాడని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రోజు పొద్దున్నే మా అమ్మ పంపిన గోనెలతో కొత్త మెత్తలు కుట్టి పని మొదలుపెట్టారు. తాతయ్య ఒక వైపు, మామయ్య ఒక వైపు. గోనెకు వెచ్చటి నూనె తగిలేసరికి అందులోని ఘాటంతా పైకి వచ్చింది. కాసేపటికే మామయ్య మెత్త విసిరేసి గంతులు వేశాడు.

“అమ్మో! చేతులు కాలిపోతున్నాయే! ఏం గోనెలివి? ఒసేయ్ పిల్లా, మీ ఊరు మొత్తం ఇందులో కట్టి తెచ్చావా ఏంటే?”

నేనూ ముట్టుకుని చూశాను. మిరప చేలో తిరిగిన చేతులే అయినా నాకూ చురుక్కుమంది. మామయ్య ఏట్లోకి పరుగెత్తి చేతులు ముంచాడు. నీళ్ళు తగిలి మంట ఇంకా ఎక్కువై బూతులు మొదలుపెట్టాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. తాతయ్య అదే మెత్తతో, అదే నూనెతో, ఏమీ జరగనట్టు బల్ల రుద్దుతూనే ఉన్నాడు.

మామయ్య అరుపులు ఆగిపోయాయి. “నాన్నా... నీకు మండట్లా?” అన్నాడు.

తాతయ్య చెయ్యి ఆగింది. తన చేతుల కేసి చూసుకున్నాడు. నాకప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నన్ను మెత్తలు ఎందుకు ఏరమన్నాడో.

అంతలో ఒడ్డున మైనం కరిగిస్తున్న అమ్మమ్మ లేచి వచ్చింది. మామయ్య పారేసిన మెత్త తీసుకుని, నూనెలో ముంచి, రెండు చేతులా పట్టుకుని బల్ల రుద్దడం మొదలుపెట్టింది.

“ఏం మంటరా? ఈ మాత్రానికే అంత గోల! నాకూ ఏం లేదే. పని చేసిన చేతులకు ఇదొక మంటా! మీ కుర్రకారుకే అన్నీ” అంది. మామయ్య నోరు తెరిచి చూస్తున్నాడు. అమ్మమ్మ ఆగలేదు. ఆ బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా రుద్ది, వేలితో తడిమి చూసి, అప్పుడు మెత్త కింద పెట్టింది. “ఏమయ్యా, ఆ చేతులు కళ్ళకు తగిలించుకునేవు. సున్నిపిండి పెట్టి కడుక్కురా, అన్నం వేళయింది” అని తాతయ్యను కూడా లేపింది.

మామయ్య సిగ్గుపడ్డాడు. “నావే సుకుమారం చేతులైనట్టున్నాయి” అని గొణుక్కున్నాడు. ఒడ్డున కూర్చోమనే మాట ఆ వేసవిలో మళ్ళీ ఎత్తలేదు.

నేను అమ్మమ్మ వెనకే ఇంటికి వెళ్ళాను. పెరట్లో నీళ్ళ గాబు పక్కన కూర్చుని రెండు చేతులూ మజ్జిగ కుండలో మోచేతుల దాకా పెట్టుకుని ఉంది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు లేవు. నేనే నా పావడాతో తుడిచాను. “ఎవరితోనన్నా అన్నావంటే వీపు చీరేస్తా” అంది.

అంతలో తాతయ్య పెరటి గుమ్మంలోకి వచ్చాడు. ఆమెను చూశాడు. మళ్ళీ లోపలికి పోయాడు. ఉట్టి మీద చల్లగా ఉన్న ఇంకో మజ్జిగ కుండ తెచ్చి, ఆమె ముందు పెట్టి, ఆ పాతదాన్ని పక్కకు జరిపాడు.

చేతుల మంట తగ్గాక అమ్మమ్మ మెత్తలన్నిటికీ అంచు కుట్టింది. గోనెకు ఎర్రదారం, దుప్పటి ముక్కకు పచ్చదారం, పంచె ముక్కకు తెల్లదారం. నూనె పట్టినా కనపడేలా లావుపాటి కుట్లు. ఎందుకమ్మా ఈ సోకులని మామయ్య అడిగితే, ఊరికే పడున్నాయి దారాలు, కుట్టాను, అంది. తాతయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పడవకు తన చేతులతోనే మెరుగు పెట్టాడు. ఆయన పని ముగించి లేచాక అమ్మమ్మ వెళ్ళి ప్రతి బల్లా అరచేత్తో తడిమి చూసి వచ్చేది.

నాకు పెద్దగా చదువు రాలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నది మాత్రం ఇప్పటికీ వాడుతున్నాను. మా ఆయనకు కొంతకాలంగా చెవులు మందగించాయి. పదిమందిలో ఎవరేమన్నా వినపడక నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు రాగానే నేనే ఆ మాటన్నవాళ్ళతో గొంతు పెంచి, “ఏంటయ్యా ఆ గొణుగుడు? గట్టిగా చెప్పు, నాకు వినపడలా” అంటాను. వాళ్ళు గట్టిగా చెబుతారు. ఆయన విని జవాబిస్తారు.

మొన్న మా కోడలు, “అత్తయ్యా, మీకు చెవి మిషన్ పెట్టిద్దాం, గుంటూరు పోదాం పదండి” అంది. పాలు పొంగబోయే ముందు వచ్చే సన్న చప్పుడు కూడా ముందుగదిలో కూర్చుని వింటాను నేను. దండగ ఖర్చు, వద్దన్నాను. నా పిసినారితనమేననుకుని ఇంకా గట్టిగా బతిమాలింది.

ఆ అరుపుకి పక్కన పేపరు చూసుకుంటున్న మా ఆయన తలెత్తారు. “మీ అత్తయ్యకు మిషనెందుకమ్మా? వినపడనప్పుడు నేను పక్కనుండి చెబుతాగా” అన్నారు.

అవునన్నట్టు తలూపాను.