యూసుఫ్ మీద వేసిన నా తప్పు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా! తాగుడు నుండి, రోగం నుండి విడుదల పొందినవారి సాక్ష్యాలు మీరు చాలా చదివి ఉంటారు. నేను తాగలేదు, సిగరెట్టు ముట్టలేదు, పైగా రియాద్‌లోని సులై ప్రాంతంలో, మా కార్మికుల క్యాంపు గదిలో ప్రతి శుక్రవారం తలుపు వేసుకుని నలుగురం చేసుకునే ప్రార్థన నడిపించేవాణ్ణి. కానీ లోలోపల అసూయ నన్ను చెదపురుగులా తొలిచేస్తోందని ఎవరికీ తెలియదు!

నేను ఏసీ మెకానిక్‌ని, మాది అమలాపురం దగ్గర పల్లె. యూసుఫ్‌ది కడప. ఇద్దరం ఒకే విమానంలో దిగాం, ఒకే వంటగదిలో వండుకు తిన్నాం, అయినా ఆరేళ్లకు ఫోర్‌మన్ పదవి అతనికి వచ్చింది, నాకు రాలేదు. అప్పటినుండి అతను నవ్వితే నాకు గిట్టేది కాదు, అతని కూర రుచిగా ఉన్నా ఉప్పు ఎక్కువైందనేవాణ్ణి, నమాజు చేసి వచ్చి ప్రశాంతంగా కూర్చుంటే అదీ ఓర్వలేకపోయేవాణ్ణి!

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మిషన్ వాల్వు మూసినవాడు దానికి ఒక ట్యాగు తగిలించాలి, వాల్వు మళ్లీ తెరిచాకే ఆ ట్యాగు తీయాలి. ట్యాగు లేకపోతే వాల్వు తెరిచి ఉన్నట్టు లెక్క. ఒక మధ్యాహ్నం గోదాములో కోల్డ్ రూము పని చేస్తుండగా నమాజు వేళైంది, యూసుఫ్ వెళ్లాడు, నేను ఒక్కణ్ణే ఉండి, ఆ పదవి నాకెందుకు రాలేదని కుమిలిపోతూ, ఆ ధ్యాసలో నేను మూసిన వాల్వు తెరవకుండానే ట్యాగు తీసి జేబులో వేసుకున్నాను. యూసుఫ్ తిరిగొచ్చి, ట్యాగు లేదు కదా అని మిషన్ ఆన్ చేశాడు. వాల్వు మూసే ఉండడంతో కాసేపటికే కంప్రెసర్ కాలిపోయింది! ముదీర్, అంటే మా మేనేజరు, ట్యాగు ఎవరు తీశారని అడిగితే, "యూసుఫే తీశాడు" అనేశాను. యూసుఫ్ నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. వారం తిరగకముందే అతన్ని ఫోర్‌మన్ పని నుండి దించేశారు, ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యూ చేయం, నెలాఖరుకు ఎగ్జిట్, దేశం వదిలి వెళ్లాల్సిందే అన్నారు. సహోదరులారా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట విని నేను సంతోషించాను!

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫోనులో ఆమిష్ వారి వీడియో చూస్తూ పడుకున్నాను. వాళ్లు అమెరికాలో ఉండే విశ్వాసులు, కార్లు కొనరు, గుర్రపు బండ్లలో తిరుగుతారు, అందరివీ ఒకే తీరు సాదా బట్టలు. వాళ్ల మీదా అసూయే! ఏసీలు బాగుచేసుకుని బతికే నేను, ఏసీ లేకుండా హాయిగా ఉన్నారని వాళ్లను చూసి కుళ్లుకున్నాను. హెచ్చుతగ్గులు లేని అలాంటి చోట పుట్టి ఉంటే నేనూ మంచివాణ్ణి అయ్యేవాణ్ణి అనుకున్నాను. అంతలో నా ఒంటి మీది నీలం యూనిఫారం కనిపించింది. క్యాంపులో అందరికీ అదే బట్ట, అదే మంచం, అదే బస్సు, కారు ఎవరికీ లేదు, ఇంతకంటే సాదా బతుకు ఏముంటుంది, మరి నేనేం మంచివాణ్ణయ్యాను! ఆ వీడియోలోనే ఇంకో మాట చెప్పారు. రొట్టె విరిచి పంచుకునే ప్రభువు బల్లకు ముందు వాళ్ల సంఘమంతా కూడి, అందరి మధ్య సమాధానం, సఖ్యత ఉన్నాయా అని అడుగుతారట, లేదంటే బల్లే వాయిదా వేస్తారట. ఆ సాయంత్రం మా నలుగురికీ రొట్టె విరవాల్సింది నేనే!

మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నేను అబద్ధమాడాను. యూసుఫ్ వెళ్లిపోవాలని కోరుకున్నాను. నా ఉద్యోగం పోయినా సరే, నిజం చెప్పే ధైర్యం ఇయ్యి తండ్రీ" అని ఏడ్చాను. సాయంత్రం మిగతా ముగ్గురి ముందూ ఒప్పుకున్నాను, బల్ల ఆపేశాం. శనివారం పొద్దున ముదీర్ ముందు నిలబడి, ట్యాగు తీసింది నేనేనని చెప్పాను. ఆయన నోటికొచ్చినట్టు తిట్టి, వార్నింగు లెటరు ఇచ్చి, నువ్వు ఎప్పటికీ ఫోర్‌మన్ కాలేవన్నాడు. యూసుఫ్ ఎగ్జిట్ రద్దయింది, అతని పదవి అతనికి తిరిగి వచ్చింది, దేవునికే మహిమ!

నేను వెళ్లేసరికి యూసుఫ్ వంటగదిలో ఉల్లిపాయలు కోస్తున్నాడు. కాళ్ల మీద పడబోతే పట్టుకుని ఆపాడు.

"నాకు ఆ పొద్దే తెలుసులేప్పా. నీ జేబులోంచి ట్యాగు దారం కనపడతా ఉన్నింది" అన్నాడు.

మరి ముదీర్‌తో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నిన్ను పంపిస్తారు గదా. నీకు గూడా బిడ్డలుండారు. నువ్వే చెప్పాలని అల్లాను అడుగుతా ఉంటి" అన్నాడు.

మరుసటి శుక్రవారం మేము ప్రభువు బల్ల ఆచరించాం. ఆ రోజు రొట్టె కాల్చి ఇచ్చింది యూసుఫే!

ఇప్పుడు నేను అతని కింద పని చేస్తున్నాను, అతను పని చెబితే నా మనసు మండడం లేదు, ఇది నా గొప్ప కాదు, నా దేవుడు చేసిన కార్యం. మీలో ఎవరైనా మీ తప్పును ఇంకొకరి నెత్తిన వేసి తిరుగుతుంటే, ఆయన మీద నమ్మకముంచి ఈరోజే వెళ్లి చెప్పండి, ఆయన మిమ్మల్ని విడిచిపెట్టడు! ఇన్నేళ్లూ నేను యూసుఫ్ పదవిని చూసి కుళ్లుకున్నాను, అతని మనసును మాత్రం చూడనే లేదు. ఇప్పుడు ఆ మనసును చూసి అసూయ పడుతున్నాను, ఈ ఒక్క అసూయను నాలోనుండి తీసేయవద్దని నా ప్రభువును వేడుకుంటున్నాను. ఆయనకే స్తోత్రం, ఆమెన్.