కాలి కింది రేకు

మా అయ్య జీపు తోలేవాడు. బెంగాలీవాళ్ల ఊళ్లో, వాట్‌గంజ్‌లో ఒక కాంట్రాక్టరు కింద పని. ఓడలు ఆగే డాకు వెనక బురద యార్డుల్లో మనుషుల్నీ మోకుల్నీ మోసే పాత డీజిల్ బండి అది. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి ఎంత బురదలో దిగినా లేచి వచ్చేది. దానికున్న గొప్ప అదొక్కటే. ఎండాకాలం వచ్చిందంటే లోపల కూర్చున్నోడు ఉడికిపోవాల్సిందే. నెత్తి మీద రేకు, ఎదురుగా ఇంజను, సరిగ్గా డ్రైవరు కాళ్ల కిందుగా పొగ గొట్టం.

అయ్యకి సుగర్. అరికాళ్లు మొద్దుబారిపోయి చాన్నాళ్లయింది. భవానీపూర్ ఆస్పత్రిలో చూపిస్తే డాక్టరు ఆయనతో కాదు, నాతో చెప్పింది. కాలినా కోసుకున్నా ఈ కాలికి తెలీదు, పుండు ముదిరితే కాలు తీసెయ్యాలి, వట్టి కాళ్లతో ఉండనివ్వకు అంది. ఎవరికి చెప్పాలి? డాకులో మా తెలుగోళ్ల పాత డ్రైవర్లందరిదీ ఒకటే తీరు. బండి అంటే అమ్మోరు. చెప్పులు కింద విడిచి, స్టీరింగు తాకి కళ్లకద్దుకుని ఎక్కాలి. అయ్య ఆ చెప్పులు మళ్లీ సాయంత్రం దిగినప్పుడే వేసుకునేవాడు.

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నేల తొక్కని కొత్త గుడ్డ జోడు కొనిచ్చి, ఇది బండిలో మాత్రమే వేసుకో, మైల అంటదు అన్నాను.

"నేల తొక్కినా తొక్కకపోయినా సెప్పు సెప్పేనే గుంటా. అమ్మోరి మీద సెప్పుకాలు ఎట్టమంటావేటి?"

"కాలు పోతే ఏటెడతావు మరి?"

"పోదులే. అమ్మోరు సూసుకుంటాది."

ఇదీ వరస. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. నాకు మాత్రం వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆ కాలే కళ్లముందు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే.

నేను పని చేసేది కార్ల సీటు కవర్లు కుట్టే దుకాణంలో. రెక్సినూ, ఫెల్టు అనే మందపాటి మెత్తగుడ్డా నా చేతుల్లోనే ఉంటాయి. మనిషి మారడు కదా, బండినే మారుద్దాం అనుకున్నాను. మా దుకాణం పక్కనే ఉండే బెంగాలీ మేస్త్రీని పట్టుకుని, "దాదా, లోపలికి వేడి రాకూడదు, ఏం చేస్తావో చెయ్యి" అన్నాను. అతను బండి కింద పడుకుని చూశాడు. గేరు రాడ్డు చుట్టూ సందులు, పెడళ్ల దగ్గర సందులు, ఇంజనుకీ మనిషికీ మధ్య వట్టి రేకు. సందులన్నీ రబ్బరుతో మూశాడు. పొగ గొట్టానికి వేడి ఆపే పట్టీ చుట్టాడు. టాపు కిందా, కాళ్ల కిందా వెండి రేకు అంటించిన ఫెల్టు పరిచాడు. దాని మీదకి రెక్సిను నేనే కుట్టాను. సూది విరిగి వేలికి దిగినా లెక్కచెయ్యలేదు.

మొదటి రోజు అయ్య పక్కన కూర్చుని యార్డంతా తిరిగాను. మిట్టమధ్యాహ్నం. చల్లగా అనను గానీ, ఊపిరాడుతోంది. "ఏసీ బండిలాగున్నాదే," అన్నాడు అయ్య. నా మొహం వెలిగిపోయే ఉంటుంది. కాలు గట్టెక్కింది అనుకున్నాను.

వానలు ఇంకా పడలేదు. ఒక రోజు ఇంట్లో వాసన. ఎలక చచ్చిందేమోనని మంచాల కిందా గూట్లోనూ వెతికాను. వంగి వెతుకుతుంటే అయ్య కుడి మడమ కనబడింది. నల్లగా, చుట్టూ తెల్లగా నాని, మధ్యలో గుంట.

"ఇదేటయ్యా?"

"ఏదో గుచ్చుకున్నాదేమో. నొప్పి నేదులే."

నొప్పి లేదట. అప్పటికప్పుడు బయల్దేరదీశాను. ఆస్పత్రిలో చూసి ఇది కాలిన పుండు అన్నారు. ఎక్కడ కాలుతుంది? తిన్నగా యార్డుకి పోయి జీపు ఎక్కి, నేను కుట్టిన రెక్సిను పైకెత్తాను. ఎక్సిలేటరు కింద, మడమ ఆనేచోట, అరచెయ్యంత ఫెల్టు కోసేసి ఉంది. వట్టి రేకు. చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను.

మేస్త్రీ మీద పడి నానా మాటలూ అన్నాను. పాపం, అతను తల వంచుకునే చెప్పాడు. "డ్రైవరే కోయించుకున్నాడు దీదీ. మెత్తటి దాని మీద పెడలు ఎంత తొక్కానో తెలియట్లేదన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు." గట్టి రేకు మీదైతే ఇంజను అదురు ఎముకకైనా అందేదన్నమాట. కాలు మొద్దుబారిందని కాంట్రాక్టరుకి తెలిస్తే బండి మీంచి దింపేస్తాడని అయ్య భయం. అంతకుముందు ఆ ఉడుకు భరించలేక ప్రతి ట్రిప్పుకీ దిగి, గోడౌను నీడలో కూర్చుని కాళ్ల మీద నీళ్లు పోసుకునేవాడు. ఇప్పుడు ఒంటికి హాయిగా ఉంది, దిగే పనేముంది? పొద్దున్న ఎక్కితే సాయంత్రమే దిగడం. పల్చటి రెక్సిను ఒక్కటే అడ్డుగా మడమ ఆ రేకు మీదే. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఆయన మీద, మేస్త్రీ మీద, ఆ చల్లదనం మీద కూడా.

కాలు నిలవలేదు. మోకాలి కిందకి తీసేశారు.

తర్వాత ఒక మధ్యాహ్నం వార్డులో మంచం పక్కన కూర్చున్నాను. అయ్య నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, "కాలు మండిపోతున్నాదే," అన్నాడు. నేను ఎడమకాలు పట్టుకున్నాను.

"అది కాదే. కుడిది. మడమ. రేకు కాలిపోతున్నాది, తియ్యే."

నర్సుని పిలిచాను. తీసేసిన కాలు కొందరికి అలాగే నొప్పెడుతుందని చెప్పి మాత్ర ఇచ్చి వెళ్లింది. ఇన్నేళ్లూ నిప్పు మీద పెట్టినా తెలియని కాలు, ఇప్పుడు లేకుండా పోయాక మండుతోంది. ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను. అయ్య నా వంక చూడలేదు. పళ్లు బిగపట్టి దుప్పటి వైపే చూస్తున్నాడు. తువ్వాలు తడిపి పిండుకొచ్చి, దుప్పటి చదునుగా పడిపోయిన చోట కాలు ఉన్నట్టే పరిచాను.

"ఇప్పుడో?" అన్నాను.

"ఇంకొంచెం కిందకి," అన్నాడు.