ఇంకో ముక్క

బాపట్లలో మా తోడికోడలి ఇంట్లో మా అత్తగారు ఖాళీ ప్లేటు ముందుకు జరిపి, "ఇంకో ముక్క వెయ్యమ్మా" అన్నారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను, నా చెవులారా విన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి వండి పెడుతున్నాను. ఆ మాట నా వంటకి ఒక్కసారి కూడా రాలేదు. గుత్తివంకాయ చేస్తే పర్లేదంటారు. పులిహోర చేస్తే పర్లేదు. పొద్దుటి నుంచీ నడుం విరిగేలా నిలబడి బొబ్బట్లు చేసినా పర్లేదే. మారు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేస్తారు.

ఆ రోజు ఆవిడ అడిగి మరీ వేయించుకున్నది లజాన్యా. వెడల్పాటి మైదా రేకుల మధ్య టమాటా సాసూ, తెల్ల సాసూ, చీజూ పొరలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెడతారు. అత్తగారికి దాని పేరు పలకడానికి నోరు కూడా తిరగదు. చేసిందేమో పప్పులో ఉప్పు సరిగ్గా వెయ్యడం రాని పిల్ల. మా మరిదిని చేసుకుని ఆరేళ్ళయినా కాలేదు. నాకు కడుపు భగ్గుమంది. కుళ్ళు అంటారా, కుళ్ళే.

పైగా ఆ పిల్ల చేసిన నిర్వాకం చూడాలి. ఓవెన్‌లోంచి తీసిన గిన్నెని గట్టు మీద వదిలేసి, తీరిగ్గా వచ్చి అత్తగారి పక్కన కూర్చుని, చీరాలలో కొన్న చీరల గురించి కబుర్లు మొదలుపెట్టింది. అక్కడ వంట చల్లారిపోతోంది. అత్తగారికి వేడి తగ్గితే సహించదు. ఇక ఇవాళ దీన్ని కడిగి పారేస్తారని నేను లోపల్లోపల సంబరపడ్డాను. ఆవిడేమో ఆ చీరల ధరలు అడిగారు.

వెళ్ళేముందు, మీ బావగారికి తెగ నచ్చింది, ఎలా చేశావో చెప్పమని అడిగాను. మా ఆయన పెరుగన్నం తప్ప దేనికీ మురిసిపోడు, అది వేరే సంగతి. తెనాలి చేరేసరికి ఫోన్లో ఇంత పొడుగు మెసేజి వచ్చి ఉంది. కొలతలతో సహా అన్నీ రాసింది. చదివినకొద్దీ నాకు అనుమానం. ఏదో ఒకటి దాచే ఉంటుంది. నేనైతే దాచేదాన్ని.

వారం తిరక్కుండా ఓవెన్ కొన్నాను. అత్తగారు నెలకోసారి కంటి డాక్టరు దగ్గరికని రేపల్లె నుంచి పాసింజరు బండిలో మా ఇంటికి వస్తారు. ఆ రోజుకి ముహూర్తం పెట్టుకున్నాను.

మైదాలో గుడ్లు కొట్టి ముద్ద కలిపి, అరగంట నాననిచ్చి, అవతల నా వేళ్ళు కనపడేంత పల్చగా రేకులు వత్తాను. వాటిని ఉప్పునీళ్ళలో ఒక్క ఉడుకు రానిచ్చి తడిగుడ్డ మీద పరిచాను. టమాటాలు వెల్లుల్లితో దగ్గరపడేదాకా ఉడికించి, పాలకూరా క్యారెట్టూ వేశాను. వెన్నలో మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, ఉండ కట్టకుండా కొంచెం కొంచెం పాలు పోస్తూ తెల్ల సాసు తిప్పాను. గాజు గిన్నె అడుగున ముందు టమాటా సాసు రాయాలి, లేకపోతే రేకు అంటుకుపోతుంది. దాని మీద రేకు, మళ్ళీ టమాటా సాసు, తెల్ల సాసు, చీజు. అలా నాలుగు వరసలు. ఫాయిల్ కప్పి అరగంట, ఫాయిల్ తీసి పైన ఎర్రబడేదాకా ఇంకో పది నిమిషాలు.

ఓవెన్ గంట కొట్టగానే అత్తగారిని కూర్చోబెట్టి, గిన్నె ఇంకా కుతకుతలాడుతుండగానే కత్తి దించాను. ఒక్క పొర నిలబడితే ఒట్టు. సాసంతా కాలువై పారింది, రేకులు తలో దిక్కూ జారాయి. గరిటెతో ఎత్తి వేస్తే సాంబారన్నంలా ప్లేటంతా పరుచుకుంది. అత్తగారు చెంచాతో తిని, నాలిక కాల్చుకుని, మంచినీళ్ళు తాగి, పర్లేదన్నారు. సగం వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

తిన్నగా బాపట్లకి ఫోన్ చేశాను. చెప్పేదేదో పూర్తిగా చెప్పాల్సిందమ్మా అని పుల్లవిరుపుగా అన్నాను. ఆ పిల్ల నొచ్చుకోలేదు సరికదా, కంగారు పడింది.

"తీశాక ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచారా అక్కా? చివర్లో రాశాను."

తీసి చూస్తే రాసే ఉంది. నేను చదివాను కూడా. వేడివేడిగా వడ్డించే ఓపిక లేనివాళ్ళ మాటలే ఇవి అనుకుని వదిలేశాను.

ఎందుకు అనుకోను? కాపురానికి వెళ్ళిన కొత్తలో రేపల్లెలో అత్తగారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. మనిషి కూర్చున్నాకే వడ్డన, పొయ్యి మీంచి సరాసరి కంచంలోకి. ఒకరోజు నేను వడ్డించిన పప్పు పొగలు రావడం లేదని కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. అప్పటి నుంచీ వేళ్ళు కాల్చుకుంటూ పొయ్యికీ కంచానికీ మధ్య పరుగులు పెడుతూనే ఉన్నాను. ఆవిడ మాట తప్పనందుకు నా లజాన్యా కూలిపోయింది. ఆవిణ్ణి ఖాళీ ప్లేటు ముందు కూర్చోబెట్టి చీరల కబుర్లు చెప్పినదానికేమో ఇంకో ముక్క. తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

మరుసటి నెల అత్తగారు వచ్చినప్పుడు మళ్ళీ చేశాను. గిన్నె తీసి గట్టు మీద పెట్టి, వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. నాకు చెప్పడానికి చీరల కబుర్లు కూడా లేవు. ఆవిడ గడియారం వంక చూశారు, వంటింటి వంక చూశారు, నా వంక చూశారు.

"ఏంటమ్మాయ్, చల్లారిపోదూ?"

"ఆగాలండి అత్తయ్యా."

ఆవిడని ఆగమనడం నా జన్మలో అదే మొదటిసారి. రెండుసార్లు కత్తి కోసం లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఇరవై నిమిషాలయ్యాక కోస్తే ముక్క చక్కగా లేచి వచ్చింది. నాలుగు వరసలూ లెక్కపెట్టుకోవచ్చు. ఆవిడ ముక్కంతా తిన్నారు. అంచున మాడిన చీజు కూడా గీకి తిన్నారు. ప్లేటు ముందుకు జరిపారు.

"ఇంకో ముక్క వెయ్యి."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్ద ముక్కే చూసి వేశాను. ఆవిడ దాన్ని చెంచాతో తుంపుతూ, "అచ్చం చిన్నదాని చేతి వంటే. దాని దగ్గర బాగా నేర్చుకున్నావు" అన్నారు.

సాయంత్రం ఆవిణ్ణి రైలెక్కించి వచ్చేసరికి బాపట్ల నుంచి ఫోన్. ఈసారి కుదిరిందా అక్కా, అత్తయ్యగారు ఏమన్నారు అని ఆ పిల్ల ఆత్రంగా అడిగింది. పాపం, నిజంగానే ఆత్రం.

"పర్లేదన్నారు" అని చెప్పాను.