పాత బొమ్మకు నీళ్ల పాలీషు

వస్తువు సంగతి ముందే చెప్పేస్తాను. ఆడది తన ఒంటికి తాను సుఖం ఇచ్చుకోవడానికి వాడుకునే గట్టి ప్లాస్టిక్ వస్తువు అది. జానెడు పొడుగు, దంతం రంగు, అడుగున మూత తిప్పితే బ్యాటరీలు పెట్టే చోటు. మన భాషలో దానికి మర్యాదైన పేరు లేదు. ఉన్నవన్నీ తిట్లు, లేదంటే మగవాళ్లు టీ బంకు దగ్గర నవ్వుకునే మాటలు. అందుకని నేను బొమ్మ అంటాను. ఎవరికైనా మొహం మాడితే ఇక్కడే పేజీ తిప్పుకోవచ్చు, నాకేమీ నష్టం లేదు.

పెళ్లి పెటాకులయ్యాక గుత్తిలో బడి ఉద్యోగం, చిన్న అద్దె ఇల్లు, నేను. అప్పట్లో శిక్షణ ఉందని బెంగళూరు పంపితే, సాయంత్రం ఫారిన్ సామాన్లు అమ్మే సందులోకి వెళ్లి కొన్నాను. షాపాయన నా మొహం చూడకుండా "మెడనొప్పికి చాలా బాగా పని చేస్తుంది మేడమ్" అంటూ న్యూస్ పేపర్లో చుట్టాడు. "నాకు మెడనొప్పి లేదండీ" అని చెప్పి తీసుకున్నాను. అంతవరకు నా ఒంటి మీదికి వచ్చిన చీర, నగ, తాళి, అన్నీ ఎవరో ఒకరు నిర్ణయించి తెచ్చినవే. ఎవరినీ అడగకుండా నా ఒంటి కోసం నేను తెచ్చుకున్న మొదటి వస్తువు అది.

దాన్ని పాడు చేసింది మాత్రం మా ఊరి నీళ్లు, నా చేతులు. ఈ సీమలో బోరు నీళ్లు దేన్ని తాకినా తెల్ల పొర కడతాయి. బిందెకు, కుళాయికి, బకెట్‌కు, అన్నిటికీ. బొమ్మకు కూడా కట్టింది. ఆ పొరను చూసి మాలాంటి ఆడవాళ్లు ఊరుకోలేరు. పీచు, గిన్నెలు తోమే పొడి తీసుకుని ఏళ్ల తరబడి తోమాను. పొర పోయింది, దాంతో పాటు నునుపూ పోయింది. సున్నం గోడలా తయారైంది.

ఒకసారి ఒరుసుకుని మంట పుట్టాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అబద్ధం ఆడాలనిపించలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒక్క క్షణం పెన్ను ఆపింది, అంతే. "గరుకైనదాన్ని లోపలికి వాడకూడదు. ఆ గీతల్లో మురికి చేరుతుంది, ఎంత కడిగినా పోదు. పగులు కనిపిస్తే, రంగు పెచ్చులూడుతుంటే ఆలోచించకుండా పారెయ్యండి. లేదు, ఒళ్లంతా ఒకటే గట్టి ప్లాస్టిక్ అయితే నునుపు చేసుకోవచ్చు. కానీ పైన వార్నిష్, రంగు, ఏదీ పూయొద్దు. మంట పూర్తిగా తగ్గాకే మళ్లీ వాడండి, అదీ కండోమ్ తొడిగి" అంది. కొత్తది కొనుక్కోమని కూడా అంది. కొనలేక కాదు. ఇన్నేళ్లు నా పక్షాన నిలబడ్డదాన్ని గీతలు పడ్డాయని చెత్తబుట్టలో వేయడానికి నాకు మనసు రాలేదు.

నునుపు చేయడం నాకు కొత్త కాదు. తాడిపత్రి దారిలో మా నాయనకు బండల పాలీషు షెడ్డు ఉండేది. నల్ల బండల మీద నీళ్లు పారిస్తూ ముతక రాయితో మొదలుపెట్టి, సన్నవి మార్చుకుంటూ పోతే చివరికి మొహం కనిపించేది. నేనూ, మా అక్కా బడి నుంచి వచ్చి ఆ బండలు తుడిచేవాళ్లం. పని చేసే అరచెయ్యి మొద్దుబారి అబద్ధం చెబుతుందని నాయన మా ఇద్దరి చేత చెంప ఆనించి చూపించేవాడు. చెంపకు గరుకు తగిలితే ఆ బండ మళ్లీ మొదటికే.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చున్నాను. అక్క గోరంట్ల నుంచి కళ్లు చూపించుకోవడానికి వచ్చి లోపల పడుకుని ఉంది. నేను బ్యాటరీలు తీసేసి, మూత బిగించి, నీళ్లు దూరకుండా దాని చుట్టూ టేపు చుట్టాను. ఎండకు ఎత్తి పగులు ఉందేమో వెతికాను. లేదు. గోరుతో గీకి చూశాను. పైపూత లేదు. హార్డ్‌వేర్ షాపులో బండి పెయింటు పనివాళ్లు కొనే వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, తెచ్చుకున్నాను, ముతకది, మధ్యరకం, సన్నది. కాగితాన్ని, బొమ్మను తడిపి మెల్లగా రుద్దాను. నీళ్లుంటే పొడి లేచి ముక్కులోకి పోదు, ప్లాస్టిక్ వేడెక్కదు. తెల్లటి బురద కారుతుంటే షెడ్డు వాసన వచ్చినట్టే అనిపించింది.

అక్క ఎక్కడ లేస్తుందో అని తొందర పుట్టింది. మధ్యరకం కాగితం పక్కన పడేసి ముతక మీదనే సన్నది పట్టాను. మెరుపు రాలేదు. అప్పుడు షెడ్డు బుద్ధే ఇంకోటి గుర్తొచ్చింది. బేరగాళ్లు వచ్చే ముందు కూలీలు బండ మీద నూనె గుడ్డ తిప్పేవాళ్లు, నల్లగా నిగనిగలాడేది. డాక్టరమ్మ వార్నిష్ వద్దంది గాని నూనె మాట ఎత్తలేదు కదా అని వంటింట్లో నుంచి శెనక్కాయ నూనె తెచ్చి రాశాను. తళతళ మెరిసింది. మురిసిపోయాను.

"ఏంది మే అది?"

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. దాచడానికి కొంగు ఉంది, బకెట్ ఉంది. దాచలేదు.

"నాది" అన్నాను. అదేమిటో, దేనికో కూడా చెప్పాను.

అక్క మొహం ఎర్రబడింది. "సిగ్గుండాదా నీకు? బడిలో పిల్లోళ్లకు పాఠాలు చెప్తాండావే!"

"బడికి తీస్కపోలేదు లే అక్కా."

"ఎదురు మాట్లాడాకు. మొగుడు వద్దంటివి, సరే అనుకొంటిమి. ఇప్పుడు ఈ ప్లాస్టిక్ ముక్క కావాల్సొచ్చిందా?"

"మొగుడు వద్దంటి గానీ, నా ఒళ్లు నాకు వద్దనలేదు కదక్కా."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో తెలియదు. బావ పోయినప్పుడు అక్కకు ముప్పై కూడా నిండలేదు. "మరి నేనెట్ల ఉండాను ఇన్నేండ్లు? నాకు లేదా ఒళ్లు?" అని గట్టిగా అరిచింది. అరిచి, తన మాటకు తానే బెదిరినట్టు, నా చేతిలోంచి బొమ్మను లాక్కుని పెరటి మూలకు నడిచింది.

ఆ మూలన నీళ్లు పడని బోరు ఉంది. ఇంటి ఓనరు వేయిస్తే దుమ్ము తప్ప చుక్క రాలేదు. పిల్లలెవరూ పడకుండా పైన బండముక్క కప్పి ఉంచాం. అందులో పడింది ఏదైనా ఇక తిరిగి రాదు, మా చెంబు ఒకటి అట్లాగే పోయింది. అక్క కాలితో బండముక్కను పక్కకు తోసి, బొక్క మీదికి చెయ్యి చాపింది.

నా నోరు మాత్రం తగ్గలేదు. "వెయ్యి. బెంగళూరు బస్సు రోజూ ఉండాది. పోయి ఇంకోటి తెచ్చుకుంటా. అది కూడా వెయ్యి, మళ్లీ తెచ్చుకుంటా. నువ్వు అలిసిపోతావు గానీ నేను అలిసిపోను" అన్నాను.

అక్క వేయలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా మాటకు కాదు. ఆమె బొటనవేలు దాని మీద ముందుకీ వెనక్కీ కదులుతోంది. మా ఇంట్లో పుట్టిన చెయ్యి అది, నున్నటిది ఏది పట్టుకున్నా పరీక్ష చేయకుండా వదలదు.

"ఈడ గరుకుండాది" అంది. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. "శెనక్కాయ నూనె పూసినావా? గీతలు తియ్యకుండా నూనె పూసి మెరిపిస్తాండావా? నాయన చూసింటే నీ చెయ్యి ఇరిచేటోడు."

నాకు నిజంగా సిగ్గేసింది, ఆ రోజు మొదటిసారి. బొమ్మ ఉన్నందుకు కాదు, పని చెడగొట్టినందుకు. నూనె గీతలను కప్పుతుందే గాని తీయదు. పైగా ఆ జిడ్డు తగిలితే కండోమ్ చిరుగుతుంది. చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తోచలేదు.

"మధ్య కాగితం దాటేసినావు కదా?" అంది అక్క.

"ఊఁ."

"జరుగు."

బట్టల బండ దగ్గరికి వచ్చి కూర్చుని, సబ్బుతో జిడ్డు వదిలేదాకా కడిగింది. తర్వాత మధ్యరకం కాగితం తీసుకుని, నీళ్లు చిలకరిస్తూ, ఒకే వైపుకు రుద్దింది. నా వైపు చూడలేదు. పక్కింటి మేకలు అరుస్తుంటే వాటిని తిట్టింది. సన్న కాగితం పట్టేటప్పటికి నీడ గోడెక్కింది. నేను మళ్లీ సబ్బునీళ్లు పోశాను. చివరికి బోరు నీళ్లు కాకుండా తాగే క్యాను నీళ్లతో కడిగి, ఎండలో పెట్టకుండా మెత్తటి గుడ్డతో తుడిచాం.

మెరుపు పెద్దగా లేదు. గుడ్డు పెంకులా ఉంది. అక్క దాన్ని చేత్తో తడిమింది, ఆ చెయ్యిని నమ్మలేదు. తల కొంచెం వంచి, చిన్నప్పుడు షెడ్డులో చేసినట్టే, చెంపకు ఆనించుకుంది.

బండ నునుపు చూడటానికి ఒక్క క్షణం చాలు. అక్క అంతకంటే ఎక్కువసేపు పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఆమె చెంపను నిమిరిన మనిషి పోయి ఎన్నేళ్లయిందో నాకు తెలుసు. ఆమెను చూసి జాలిపడే హక్కు నాకు లేదు, ఆమెకు అది నచ్చదు కూడా.

"నునుపుగా ఉండాది. పెట్టుకో పో" అని నా చేతిలో పెట్టింది.

"అక్కా, నీకొకటి తేనా?"

"ఛీ, నోర్ముయ్."

లేచి, చీర దులుపుకుని, పెరటి మూలకు వెళ్లింది. తోసేసిన బండముక్కను రెండు చేతులతో లాగి బోరును మళ్లీ కప్పింది. కదలకుండా పైన ఇంకో రాయి ఎత్తిపెట్టింది. నా వైపు తిరగకుండానే అంది:

"తెస్తే గట్టిదే తే. గరుకుపడితే నేనే రుద్దుకుంటా."